పల్లకి వెనక్కి తిప్పండి

మీ కుడి భుజం మీద పల్లకి బొంగు ఉంది. దాని కింద మడతపెట్టి వేసుకున్న తుండుగుడ్డ ఎప్పుడో చెమటకి తడిసిపోయింది. వెనక వాళ్లతో అడుగు కలపడానికి ఓహోం, ఓహోం అంటూ నడుస్తున్నారు. కోనసీమ ఇంకా బస్సు మొహం ఎరగని కాలమిది. ఒకపక్క కొబ్బరితోట, ఇంకోపక్క వరిచేను. మధ్యలో మనిషి పట్టేంత గట్టు.

పల్లకిలో ఉన్నది డొక్కా సీతమ్మగారు. లంకల గన్నవరం నుంచి అంతర్వేదికి తీసుకెళ్తున్నారు. వశిష్ట గోదావరి సముద్రంలో కలిసే చోట వెలసిన లక్ష్మీనరసింహస్వామిని చూడాలని ఆవిడకి ఏళ్లనాటి కోరిక. మీకూ ఉంది. మోసుకెళ్లే పుణ్యాన దర్శనం కూడా అయిపోతుందని పొద్దున్నే లెక్క వేసుకున్నారు.

ఇన్నేళ్లూ ఆవిడ ఎందుకు కదల్లేదంటారా? ఆవిడ ఇంట్లో పొయ్యి ఆరదు. గన్నవరం నలుగురూ నడిచే దారిలో ఉంది. గోదావరి పాయలు దాటి వచ్చేవాళ్లు, దాటి వెళ్లేవాళ్లు వేళాపాళా లేకుండా ఆ గుమ్మం ఎక్కుతారు. భర్త జోగన్నగారు పొలమున్న రైతు. పండింది పండినట్టే విస్తళ్లలోకి వెళ్తుంది. ఆవిడ 1841లో మండపేటలో పుట్టింది. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే ఆవిడ తండ్రి భవానీశంకరంగారిని ఊరు బువ్వన్న అని పిలిచేది. ఇక కూతురు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఎండ నెత్తికెక్కింది. చెట్టు కింద పల్లకి దించారు. భుజం మీద చెయ్యి వేసుకుంటే బొంగు ఆనిన చోట ఎర్రగా వాచి ఉంది. కాస్త అవతల రెండెడ్ల బళ్లు ఆగి ఉన్నాయి. పెళ్లివారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. ఎడ్లు నురగలు కక్కుతున్నాయి. బండిలో ఓ పిల్లాడు ఏడుస్తున్నాడు. అదేమీ పేచీ కాదు. ఖాళీ కడుపుతో ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయిన ఏడుపు. ఆ తేడా మీకు బాగా తెలుసు, మీ ఇంట్లోనూ విన్నారు.

తల్లి సముదాయిస్తోంది. ఇంకాస్త ఓర్చుకో నాన్నా, గన్నవరం వచ్చేస్తోంది, సీతమ్మగారు మనకి అన్నం పెడుతుంది.

మీ గుండె గతుక్కుమంటుంది. ఆ సీతమ్మగారు ఇక్కడ పల్లకిలో ఉంది. అక్కడ వీళ్లకి వడ్డించేదెవరు? ఈ సంగతి ఆ తల్లికి తెలీదు.

పల్లకి తెర కదిలింది. వెనక్కి తిప్పమంటోంది ఆవిడ.

మీరు నోరు తెరిచి ఏదో అనబోతారు. మాట్లాడుకున్న కూలి అంతర్వేదికి. సగం దారి వచ్చేశారు. దర్శనం చేసుకుని రేపు పెట్టొచ్చు కదా, ఊళ్లో ఇంకెవరూ లేరా? ఇవేవీ తప్పు మాటలు కావు. మీ స్థానంలో ఎవరున్నా అనేవే. కానీ ఆవిడ ముఖం చూస్తారు. దేవుణ్ణి వదులుకుంటున్నానన్న దిగులు అందులో లేదు. త్యాగం చేస్తున్నానన్న బింకం లేదు. చూడాల్సినవాడు ఆ బండిలోనే ఏడుస్తున్నాడన్నట్టు ఉంది, అంతే.

మీరు వంగి బొంగు ఎత్తుకుంటారు.

బళ్లకంటే ముందు చేరాలి. పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, అంతమందికి వండాలంటే చాలా సేపు పడుతుంది. బండి దారి వదిలి గట్లకి అడ్డం పడ్డారు. మట్టి పెళ్లలు. అరికాలు మండుతోంది. దాహం. ఆగకండి. ముందు సన్నటి గట్టు. పక్కన నిండు కాలువ. వెనకవాడి కాలు జారింది. బొంగు ఒరిగింది. పల్లకి కాలువ మీదికి వాలింది. కాళ్లు తన్నిపెట్టండి. పళ్లు బిగించండి. పట్టండి. పట్టారు. ఎవరూ మాట్లాడలేదు. నడవండి.

గన్నవరం.

ఆవిడ పల్లకి దిగి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. మీరు కూలబడదామనుకుంటారు కానీ చేతికి బిందె వచ్చింది. నీళ్లు తోడండి. కొబ్బరి మట్టలు విరిచి పొయ్యిలో పెట్టండి. గుండిగలో ఎసరు మరుగుతోంది, పొగకి కళ్లు నీళ్లు కారుతున్నాయి. అన్నం వార్చిన గంజి ఆవిరి ముఖానికి కొడుతుంటే మీ పేగులూ అరుస్తున్నాయి. అప్పుడు వినపడుతుంది వీధిలో బళ్ల చప్పుడు.

పెళ్లివారు వరసగా కూర్చున్నారు. ముందు పిల్లలకి. ఆ పిల్లాడి ఆకులో వేడన్నం, పప్పు, పైన నెయ్యి. వాడు ఊదుకోకుండానే నోట్లో పెట్టుకుంటాడు. తల్లి వడ్డించే మనిషి వైపు చూస్తుంది, చెట్టు కింద పల్లకి గుర్తుకొస్తుంది, చేతిలో ముద్ద ఆగిపోతుంది. తరవాత మీకూ ఆకు వేశారు. మారు వడ్డించేటప్పుడు ఆవిడ చెయ్యి పెళ్లివారికి ఎంత వంగిందో బోయీలకీ అంతే వంగింది.

కోనసీమ ఈ కథని తరతరాలుగా ఇలాగే చెప్పుకుంటోంది. నువ్వూ నేనూ వేరు కాదనే అద్వైతం మీద ఉపన్యాసాలు మనకి బోలెడున్నాయి. సమృద్ధి అంటే గట్టిగా కోరుకుంటే మన ఇంట్లోకి వచ్చిపడేది అని నేర్పే తరగతులూ ఉన్నాయి, వాటికి రుసుము కూడా ఉంది. నాకైతే ఆ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. సీతమ్మగారి నిండుదనం ఆవిడ గుమ్మంలోంచి బయటికి నడిచింది. ఎదుటివాడు వేరు అనుకుంటేనే కదా, పెట్టింది పోయిందని అనిపించేది!

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మీరు సీతమ్మగారి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఈసారి వచ్చింది ఆకలిగొన్నవాళ్లు కాదు, అధికారులు. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వార్షికోత్సవానికి ఆవిడని రమ్మని పిలుపు. ఊరంతా గుమిగూడింది. మీరు మళ్లీ భుజం తడుముకుంటారు. ఈసారి ఎంత దూరమో! అక్కర్లేదు. ఆవిడ వెళ్లనంది. కనీసం ఫొటో అయినా పంపకపోతే కలెక్టరు ఉద్యోగానికి ముప్పని బతిమాలితే, ఇంకొకరి అన్నం పోతుందన్న మాట దగ్గర మాత్రం మెత్తబడి ఫొటోకి కూర్చుందట. ఆ ఫొటోని కుర్చీలో ఉంచి సత్కరించారని చెప్పుకుంటారు. అది మీకు కనపడదు. మీకు కనపడేది ఫొటో తీసినవాళ్లకి కూడా ఆకు వెయ్యడం.

సీతమ్మగారు 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం పథకం కూడా ఆవిడ పేరు మీదే నడుస్తోంది. మీ ఊరి బడిలో గంట కొట్టే వేళకి ఒకసారి వెళ్లి చూడండి, వీలైతే వడ్డనకి ఓ చెయ్యి వెయ్యండి.