చెవికందనిది కంటికి కనబడిన కథ



మన గుండెలో ఎడమ కర్ణికకును ఎడమ జఠరికకును నడుమ రెండు రేకుల తలుపు ఒకటి కలదు. బిషప్పులు ధరించు శిరోవేష్టనమును పోలియుండుటచే దానికి మిట్రల్ కవాటమను పేరు వచ్చినది. జఠరిక ముడుచుకొనునపుడెల్ల ఈ తలుపు బిగువుగా మూతపడవలెను. పడనిచో రక్తము కొంత వెనుకకు చిమ్మి, ఊపిరితిత్తులపై ఒత్తిడి పెంచును. రోగికి ఆయాసము కలుగును. క్రమముగా గుండె సాగి బలము తగ్గును.

ఈ లోపమును వైద్యులు చిరకాలము చెవితోనే కనిపెట్టుచుండిరి. 1816లో ఫ్రాన్సు దేశీయుడైన లెనెక్ స్టెతస్కోపును కల్పించిన పిదప ఆ పని సులభమయ్యెను. గుండెచప్పుడు నడుమ ఊదినట్టి ధ్వని వినవచ్చిన, కవాటము కారుచున్నదని తలచెడివారు. ఎంత కారుచున్నదో మాత్రము చెవి సరిగా చెప్పజాలదు.

1950 ప్రాంతమున ఈ ప్రశ్న ప్రాణముల మీదికి వచ్చెను. కీళ్ళవాతపు జ్వరమువలన రేకులు అతుకుకొని ఇరుకైన కవాటమును శస్త్రవైద్యులు వ్రేలితో విప్పుచుండిరి. ఇరుకు గలవారికి అది ప్రాణదానమే. కారుటయే ముఖ్యముగా గలవారికి ఆ చికిత్స ఉపకరింపదు సరికదా, కీడు సైతము చేయును. కత్తి పట్టకముందే ఈ రెంటిని వేరుపరచుట యెట్లు?

స్వీడను దేశమున లుండ్ పట్టణపు వైద్యుడు ఇంగె ఎడ్లర్ ఈ చిక్కును భౌతికశాస్త్రజ్ఞుడగు కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ యొద్దకు తెచ్చెను. చెవికి వినరాని శబ్దతరంగములను పంపి, మరలివచ్చు ప్రతిధ్వనిని బట్టి లోహములోని పగుళ్ళను పట్టు యంత్రమొకటి మాల్మో ఓడల కర్మాగారమున ఉండెను. వారు దానిని ఎరువు తెచ్చి పరీక్షించిరి. పిమ్మట మరియొక యంత్రముతో 1953 అక్టోబరు 29వ తేదీన గుండెలోని ప్రతిధ్వనుల కదలికను నమోదు చేసిరి.

వడిగా కదలు ఒక ప్రతిధ్వనిని ఎడ్లర్ మొదట కర్ణిక గోడదని భ్రమించెను. మరణించిన రోగుల దేహములలో శబ్దము పోయిన దారినే సూది వంటి పనిముట్టును గ్రుచ్చి చూడగా, అది కవాటపు ముందురేకుదని తేలెను. ఇరుకైన కవాటమున ఆ రేకు మందముగా కదలును. కావున ఇరుకును గుర్తించు మార్గము దొరకెను. కాని రేకు కనబడినను రక్తము కనబడదు గదా! కారుట ఇంకను మరుగుననే యుండెను.

ఆ మరుగును తొలగించినది 1842లో ఆస్ట్రియా దేశీయుడు డాప్లర్ చెప్పిన సూత్రము. రైలు మనవైపు వచ్చునపుడు కూత హెచ్చుగను, దాటిపోవునపుడు తగ్గుగను వినబడుట మనకు అనుభవమే. అట్లే కదలు రక్తమునుండి మరలు తరంగములును మారును. 1950లలో జపానున సటోమురా ఈ సూత్రమును గుండెకు అన్వయించెను. 1980లలో రక్తప్రవాహము తెరపై రంగులలో కనబడజొచ్చెను. వెనుకకు చిమ్ము ధార వైద్యుని కంటబడెను.

అయినను రంగు విస్తారమును చూచి భయపడరాదు. రక్తపుపోటును, యంత్రపు అమరికను బట్టి అది హెచ్చుతగ్గులగును. కావున వైద్యులు నేడు పలు కొలతలను కలిపి చూతురు. రేకులలోనే దోషమున్నపుడు, ఒక్కొక్క స్పందనమునకు 60 మిల్లీలీటర్లు వెనుకకు మరలుట, లేక కారు రంధ్రము 0.4 చదరపు సెంటీమీటరుండుట తీవ్రతకు గురుతులు. జఠరిక పరిమాణమును, బలమును సైతము పరిశీలించిన పిదపనే శస్త్రచికిత్స మాట తలపెట్టుదురు.

ఎడ్లర్ అడిగిన ప్రశ్నకు నేడు రోగి ఎడమప్రక్కకు ఒత్తిగిలి పరుండియుండగనే, సూదిపోటైన లేక సమాధానము దొరకుచున్నది.