డేరాలో ఆడవాళ్లు

నలుగురు స్నేహితురాళ్లం కలిసి కొల్లేటి ఒడ్డున ఒక రాత్రి డేరా వేసుకుని పడుకుంటామంటే మా ఇళ్లల్లో ఎంత రభస జరిగిందో చెబితే నవ్వుతారు. "ఏలూరులో హోటళ్లు లేవా?" అన్నారు మావారు. "పాములుంటాయమ్మాయ్!" అన్నారు మా అత్తగారు. "మరి ఆ రోజు వంటెవరు చేస్తారు?" అన్నాడు మా అబ్బాయి. అసలు సంగతి బయటపెట్టింది వాడొక్కడే.

చివరికి తాడేపల్లిగూడెంలో కారెక్కి, ఏలూరు మీదుగా కైకలూరు రోడ్డు పట్టుకున్నాం. మా రత్నం మేనమామగారి పొలంలో, గట్టు పక్కన డేరా వేశాం. కేకేస్తే ఆయన ఇంట్లోకి వినబడుతుంది. మా సాహసం అంతమాత్రమే!

దోమల ధాటికి నిద్ర పట్టలేదు. వెంట తెచ్చుకున్న ఏనుగుల వీరాస్వామిగారి 'కాశీయాత్ర చరిత్ర' తీసి, టార్చి వెలుగులో అందరికీ వినిపించడం మొదలెట్టాను. డేరాల ప్రయాణమంటే ఆయనది! మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆ పెద్దమనిషి 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మళ్లీ ఇల్లు చేరారు. మన దేశంలో రైలు కూత వినబడడానికి ఇంకా ఇరవై ఏళ్ల పైమాటే. పల్లకీలు, మోసే బోయీలు, డేరాలు, సామాన్లు, సుమారు వందమంది పరివారం. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్పూరు మీదుగా కాశీకి వెళ్లి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని కోస్తా వెంట తిరిగొచ్చారు. బాటసారుల్ని నమ్మించి, గొంతు బిగించి చంపే థగ్గుల భయం ఉన్న రోజులవి. మనం రాత్రి పదయితే బస్టాండుకెళ్లడానికి వెనకాడతాం!

దిగిన ప్రతి మజిలీలో ఆయన ఏం చూశారో తెలుసా? నీళ్లు ఎలాంటివి, అంగళ్లున్నాయా, బస చెయ్యడానికి చోటుందా అని. అచ్చం మన ఇల్లాళ్ల చూపే! ఇవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి ఉత్తరాలుగా రాశారు. వీరాస్వామిగారు పోయాక, 1838లో ఆ పిళ్లెగారే వాటిని పుస్తకంగా అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వెంకటశివరావుగారు చక్కగా పరిష్కరించి మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

"ఆ వందమందిలో ఆడవాళ్లు లేరుటే?" అంది రత్నం.

ఉన్నారు. ఆయన ఇంటి ఆడవాళ్లూ వెంట వెళ్లారు. అవే అడవులు దాటారు, అవే ఎండలకి మాడారు, అవే వానలకి తడిశారు. కానీ వాళ్ల నోటి మాటగా ఆ యాత్ర మనకి అందలేదు. పల్లకీ తలుపు సందులోంచి వాళ్లేం చూశారో, రాత్రి డేరాలో ఏం చెప్పుకున్నారో, ఏ మజిలీలో కళ్లనీళ్లు పెట్టుకున్నారో! మరో నలభై ఏళ్లకి అటూ ఇటుగా పోతం జానకమ్మగారు భర్త రాఘవయ్యగారితో ఇంగ్లండు వెళ్లారు. చూసినవన్నీ స్వయంగా రాశారు. 1876లో అది ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. చెయ్యి తిరగక కాదన్నమాట, కలం అందక!

తెల్లవారి రత్నం వాళ్ల అత్తయ్యగారు కాఫీ ఫ్లాస్కు పట్టుకొచ్చారు. నేను వీరాస్వామిగారి ప్రశ్నే వేశాను. "ఇక్కడి నీళ్లు ఎలా ఉంటాయండీ?"

ఆవిడ గట్టు మీద కూలబడ్డారు. "నేను కాపరానికొచ్చిన కొత్తలో కొల్లేటి నీళ్లే కడవతో తెచ్చుకుని తాగేవాళ్లమమ్మా. ఇప్పుడు చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి" అన్నారు.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీటిని దాచుకుని, మిగిలింది ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు ఇది. చేపల చెరువులు దాన్ని ఆక్రమించాయి. 1999లో అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపొచ్చింది. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఈ లెక్కలన్నీ కాగితాల్లో దొరుకుతాయి. కొల్లేటి నీళ్లు మోసిన ఈవిడ కడవ మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

వచ్చేదారిలో ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూశాం. కారులో కూచుని నలుగురం నాలుగు పేజీలు రాశాం. రత్నం రాసింది పెట్రోలు ఖర్చు, దోమల లెక్క. నేను అత్తయ్యగారి మాటలు ఉన్నవున్నట్టు రాసి, కింద తేదీ వేశాను.