కీసర జాతరలో ఒక పాత మాట

మాఘ బహుళ చతుర్దశి దగ్గరపడినదనగానే ఉప్పల్, నాచారం ప్రాంతములలోని ఇండ్లలో కీసరగుట్ట ప్రయాణపు మాట బయలుదేరును. శివరాత్రితో చలి ‘శివశివా’ యనుచు సాగిపోవును గదా! ఆనాటికి పగటి ఎండ చురుక్కుమనుచుండును. మేము సకుటుంబముగా మల్లాపురము, నాగారముల మీదుగా పోవుదుము. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినప్పుడు ఉప్పల్, కీసర రెండును అందులోనే చేరినవి. కనుక ఇది మా జిల్లా జాతరయే.

గుట్ట క్రింద గాజుల దుకాణములు, రంగులరాట్నము, పేలాలు, బొరుగులు, ఉపవాసులకు కందగడ్డలు. పైన శ్రీ రామలింగేశ్వరుని గుడి. లింగమును తెమ్మని శ్రీరాముడు హనుమంతుని కాశికి పంపెననియు, ఆతడు వేళకు రాకపోగా శివుడొసగిన లింగమునే ప్రతిష్ఠించెననియు, ఆలసించి వచ్చిన హనుమంతుడు తాను తెచ్చిన నూటొక్క లింగములను కినుకతో విసరివేసెననియు స్థలపురాణము. కేసరి కుమారుని పేర అది కేసరిగిరి, వాడుకలో కీసర. గుట్టమీద చెదరియున్న లింగములను లెక్కింప మొదలిడి మా పిల్లలు ప్రతియేట లెక్క తప్పుదురు.

స్థలపురాణము చెప్పని సంగతి మరొకటి కలదు. పురావస్తుశాఖవారి త్రవ్వకములలో ఇచ్చట ఇటుక కట్టడములు, కోటగోడ శిథిలములు, విష్ణుకుండిన రాజుల నాణెములు బయల్పడినవి. క్రీ.శ. 5, 6 శతాబ్దులలో తెలుగు దేశము నేలిన వంశమది. ఆ వంశపు మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసెనని శాసనములు చాటుచున్నవి. వారి నాణెములపై సింహపు బొమ్మ యుండును. కేసరి యనగా సింహమే గదా యని మాకు తోచును గాని, తోచినదెల్ల చరిత్ర కాదు.

అశ్వమేధముల కంటె మమ్ము నిలువరించునది ఒక బండ. దానిపై బ్రాహ్మీ నుండి పుట్టిన లిపిలో ‘తొలుచువాండ్రు’ అను ఒక్క మాట చెక్కియున్నది. రాతిని తొలుచు పనివారని అర్థము. అది 5వ శతాబ్ది ప్రాంతమునాటిదని పండితుల అంచనా. కడప జిల్లా కలమళ్ళలోని ధనంజయుని తెలుగు శాసనము క్రీ.శ. 575 నాటిదందురు, ఇది అంతకంటెను ముందటిది. అచ్చట మాటాడినవాడు రాజు, ఇచ్చట పనివాడు. ఏలికలు తమ దానములను, విజయములను సంస్కృత ప్రాకృతములలో వ్రాయించుకొనుచున్న దినములలో, ఉలి పట్టినవారికి తమ్ము గూర్చి చెప్పుకొనుటకు తెలుగే నోటికి వచ్చినది. ఆ ‘వాండ్రు’ నేటికిని చావలేదు. జాతరలో తప్పిపోయిన వారిని గూర్చి ‘వాండ్లు ఏ ఊరివాండ్లు?’ అని అడుగు ముసలమ్మ పలుకులో నున్నది అదియే.

ఉప్పలువారికి ఇంకను చేరువలో, మూసీ ఆవలి ఒడ్డున చైతన్యపురిలో, మరియొక బండ కలదు. దానిమీది ప్రాకృత శాసనము గోవిందరాజ విహారమును, అందలి బౌద్ధ భిక్షువులను పేర్కొనుచున్నది. ఆ వ్రాత నేడు నరసింహస్వామి గుడి చెంత నున్నది. హైదరాబాదు చుట్టుపట్ల గుట్టలెన్నో కంకరగా మారి మా యిండ్ల గోడలలోనికిని, బాటలలోనికిని పోయినవి. వ్రాసినవారికి ఒక ఉలి చాలెను. పగులగొట్టువారికి మందుగుండు, యంత్రములు చేకూరినవి. అవి గుడి యున్న గుట్టల యొద్ద మాత్రము కొంత జంకినవని మా తలంపు.