టోపీ తొక్కించుకున్న కోచ్: ఫ్రెడ్ పెంట్‌లాండ్

బయటి మనిషి వచ్చి మనకు నేర్పొచ్చా, నేర్పకూడదా అని గ్రూపులో ఎప్పుడూ వాదన నడుస్తుంది. ఆ వాదనకు పనికొచ్చే ఒక ఫుట్‌బాల్ కథ ఇది.

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ జనం ఉంటారు. వాళ్ల భాషకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. వాళ్ల పెద్ద నగరం బిల్బావో, దాని చుట్టూ ఇనుప ఖనిజం ఉన్న కొండలు. ఆ ఖనిజం ఓడలెక్కి ఇంగ్లండ్ పోయేది. బైలాడిల్లా తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇనుము కోసం వచ్చిన ఇంగ్లీషువాళ్లను చూసి, ఇంగ్లండ్‌లో చదివొచ్చిన తమ కుర్రాళ్లను చూసి బాస్క్‌లు బంతి పట్టారు. వాళ్ల క్లబ్బు అథ్లెటిక్ బిల్బావో 1910ల నుంచి ఒక కట్టుబాటు పెట్టుకుంది: ఆడేది మన పిల్లలే. నేటికీ అదే నడుస్తోంది. అయితే కట్టుబాటు ఆటగాళ్లకే, కోచ్‌కు కాదు.

ఆ సందులోంచే వచ్చాడు పెంట్‌లాండ్. 1883లో వూల్వర్‌హాంప్టన్‌లో పుట్టాడు. 1909లో ఇంగ్లండ్ తరఫున 5 మ్యాచ్‌లు ఆడాడు. 1914లో జర్మనీ ఒలింపిక్ జట్టుకు కోచింగ్ ఇద్దామని బెర్లిన్ పోతే, అదే ఏడాది యుద్ధం మొదలైంది. శత్రుదేశం మనిషని పట్టుకుని రూలేబెన్ గుర్రప్పందాల మైదానంలో పెట్టారు. గుర్రాల కొట్టాల్లో వేల మంది బందీలు! స్టీవ్ బ్లూమర్ లాంటి పేరున్న ఆటగాడు కూడా వాళ్లలో ఉన్నాడు. అక్కడే లీగులు పెట్టుకుని ఆడారు. విడుదలయ్యాక 1920 ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ జట్టును చూసుకున్నాడు, 1922లో బిల్బావో చేరాడు.

అప్పటికి బాస్క్ ఆటంటే బంతిని బలంగా ముందుకు తన్నడం, వెనక పరుగెత్తడం. ఈయన చిన్న చిన్న పాసులు నేర్పాడు. మొదటి రోజు బూటు లేసులు సరిగా కట్టడం దగ్గర మొదలుపెట్టాడని అంటారు. 1923లో స్పెయిన్ కప్పు వచ్చింది. తర్వాత వేరే క్లబ్బులకు వెళ్లి, 1929లో తిరిగొచ్చాడు. అదే ఏడాది మాడ్రిడ్‌లో స్పెయిన్ 4-3తో ఇంగ్లండ్‌ను ఓడించింది. బ్రిటన్ బయటి జట్టు చేతిలో ఇంగ్లండ్‌కు అదే మొదటి ఓటమి. స్పెయిన్ వైపు సాయం చేసినవాళ్లలో పెంట్‌లాండ్ ఉన్నాడు.

1929-30 లీగులో బిల్బావో 18 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. 1931లో బార్సిలోనాను 12-1తో చితక్కొట్టింది. అందులో 7 గోల్స్ బాటా అనే ఒక్కడివే. వరుసగా 2 లీగులు, 1930 నుంచి 1933 దాకా వరుసగా 4 కప్పులు. అన్నీ బాస్క్ కుర్రాళ్లతోనే.

ఆయన నెత్తిన ఎప్పుడూ గుండ్రటి నల్ల టోపీ, నోట్లో చుట్ట. పెద్ద మ్యాచ్ గెలిస్తే ఆటగాళ్లు ఆ టోపీ లాక్కుని తొక్కి పచ్చడి చేసేవాళ్లు. ఎన్ని టోపీలు కొనుక్కున్నాడో పాపం! మనకు టోపీ పెట్టి పోయేవాళ్లే ఎక్కువ గనుక ఇది మాకు భలే నచ్చింది.

బాస్క్‌లు మనలాంటి ఆదివాసులు కారు. ఫ్యాక్టరీలు, బ్యాంకులు ఉన్న జనం. పోలిక ఒక్క దగ్గరే. పెంట్‌లాండ్‌ను ఎవరో పైనుంచి వాళ్ల నెత్తిన పెట్టలేదు. క్లబ్బు సభ్యులది, పిలిచిందీ జీతమిచ్చిందీ ఆ క్లబ్బే. అందుకే 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో 3 చర్చలోకి ఈయన్ని తెచ్చి, "చూశారా, బయటి టీచరైతే ఏంటి" అనేవాళ్లతో మేము ఒప్పుకోం. ఏజెన్సీ బడిలో టీచర్ ఎవరో తేల్చే మాట మన చేతిలో ఎక్కడుంది?

1936లో అంతర్యుద్ధం మొదలయ్యాక పెంట్‌లాండ్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది గెర్నికా ఊరి మీద బాంబులు పడ్డాయి. బ్లాస్కో, సిలౌరెన్, ఇరారగొర్రి లాంటి ఆయన శిష్యులు బాస్క్ దేశం పేరుతో జట్టు కట్టి దేశాలు తిరిగి ఆడారు. గెలిచిన ఫ్రాంకో బాస్క్ భాషను అణిచాడు. 'అథ్లెటిక్' అనేది ఇంగ్లీషు మాటని 1941లో క్లబ్బు పేరు కూడా మార్పించారు.

1959లో క్లబ్బు ముసలి పెంట్‌లాండ్‌ను పిలిపించి, శాన్ మమేస్ మైదానంలో చెల్సీతో ఒక మ్యాచ్ పెట్టి సన్మానించింది. 1962లో ఆయన ఇంగ్లండ్‌లో పోయినప్పుడు అదే మైదానంలో సంతాప ప్రార్థన జరిపారు.