ఇంట నిలుపదగిన గ్రంథములు

పూర్వకాలమున గృహస్థుని యింట గ్రంథము నిలుచుట కొనుటచే గాక వ్రాయించుటచే జరిగెడిది. తాటాకు నుడికించి, నీడ నారబెట్టి, గంటముతో వ్రాసి, మసి పూసి, చెక్కపలకల నడుమ బిగించి, గుడ్డలో చుట్టి అటకపై దాచినను మన దేశపు వేడిమికిని తేమకును దాని ఆయువు పరిమితము. ఒకటి రెండు శతాబ్దములు గడచునప్పటికి ఆకుల అంచులు విఱిగి, అక్షరముల నడుమ పురుగు దారులు వేసెడిది. అప్పు డా యింటి పెద్ద యొక నిర్ణయము చేయవలసి వచ్చెడిది. దీనిని మరల వ్రాయింపవలెనా, విడిచిపెట్టవలెనా? వ్రాయసకానికి కూలి యీయవలెను గదా! భారత భాగవతములకు, వైద్య జ్యోతిష గ్రంథములకు కూలి యిచ్చినవారు ప్రతి తరమునను గలరు. ఊరి వృత్తాంతములకు, స్త్రీల పాటలకు ఇచ్చినవారు మిక్కిలి యరుదు. నేడు ప్రాచీన వాఙ్మయమని మనము చెప్పుకొనునది ఆ గృహస్థు లేరి నిలిపినదే.

వారు విడిచిన దంతయు విడువదగినదే యనుటకు వీలులేదు. నన్నెచోడుని కుమారసంభవము పేరైనను తెలియక తెలుగు పాఠకులు శతాబ్దములు గడిపిరి. మానవల్లి రామకృష్ణకవి దానిని వెదకి తెచ్చి 1909లో అచ్చువేయించిన పిదపనే ఆ కవి మరల జీవించెను.

ఈ విషయమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను చేసిన పని విచారింపదగినది. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన ఆయన పండితులను జీతములకు నియమించి, తన సొంత వ్యయముతో తాళపత్రములు సేకరింపజేసి ప్రతులు వ్రాయించెను. పండితులు అంతగా గణింపని వేమన పద్యములను ఆయన యేరి, ఆంగ్లానువాదముతో 1829లో 693 పద్యములు, 1839లో 1164 పద్యములు ప్రకటించెను. ఒక గ్రంథమునకు ఒక ప్రతి దొరికిన చాలునని ఆయన తృప్తిపడలేదు. పెక్కు ప్రతులు తెప్పించి పాఠములు పోల్చి చూచెడివాడు. ధనికుడైన సేకర్త అందమైన ప్రతి నొకదానిని బీరువాలో నుంచుకొనును. బ్రౌను చెడిన ప్రతులను సైతము కోరెను. చెడిన ప్రతిలో నొక మంచి పాఠము దాగియుండవచ్చునని ఆయన యెఱుగును.

మన ప్రాంతమునకు సమీపమైన దృష్టాంతము మరియొకటి కలదు. మధిరకు చేరువనున్న పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనకును ముఖ్య కారకుడు. ఆయన ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములై, అకారము దాటకయే 1923లో ఆయన మరణముతో ఆగిపోయెను. అసంపూర్ణమైన దానిని ఇంట నుంచుకొని యేమి ప్రయోజనమని తలచువా రుందురు. కాని ఒక విషయమును తెలుగున ఎంత శ్రద్ధతో వివరింపవచ్చునో ఆ మూడు సంపుటములే చూపినవి. సగములో ఆగిన గ్రంథమగుటచేతనే దానిని పారవేయుట న్యాయము కాదు.

ఆయన పేరిట హైదరాబాదున నడచిన లక్ష్మణరాయ పరిశోధకమండలిలో మన మధిర తాలూకా దెందుకూరు వాస్తవ్యులు ఆదిరాజు వీరభద్రరావు ప్రముఖముగా కృషిచేసిరి. మండలివారు శాసనముల నకళ్లు తీసి, తాళపత్రములు సేకరించి, 1935లో తెలంగాణ శాసనములు ప్రకటించిరి. ఇంటివారు పనికిరానివని తలచిన ఆకులే అట్టి పరిశోధకులకు చరిత్ర సామగ్రి.

ఇక గోదావరి రెండు దరుల సంగతి. 1860లో భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు నిజాము నుండి ఇంగ్లీషువారి వశమై, 1874లో గోదావరి జిల్లాలో చేరినవి. ఖమ్మము ప్రాంతము నిజాము రాజ్యముననే నిలిచెను. ఆ రాజ్యమున ఉన్నత విద్యకు ఉర్దూ మాధ్యమ మగుటచే తెలుగు పుస్తకము బడివలన గాక భాషానిలయముల వలనను, 1889 నాటికి పడిన బెజవాడ రైలుదారి వలనను రావలసి వచ్చెను. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు ఖమ్మము జిల్లాలో చేరినవి. 2014లో కూనవరము, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు మరలినవి. ఎల్లలు మారినప్పుడెల్ల కాగితములును కచేరీలు మారినవి. ఆ కదలికలో ఏవి పోయినవో లెక్కించువా రెవరు?

ఆ అడవి గ్రామములను గూర్చిన యొక ఆంగ్ల గ్రంథము ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రచించినది. పాపికొండల కొండరెడ్లను గూర్చిన ఆ పుస్తకము 1945లో వెలువడెను. ఇంగ్లీషు రానివారి యింట అది దండుగ యనిపించును. అయినను పోలవరము జలాశయము నిండినచో మునుగు పల్లెలు ఆ గోదావరి లోయలో అనేకము. ఆ జీవనమును కన్నులార చూచి వ్రాసిన పుస్తకము కనుక, చదువలేకపోయినను నిలుపదగినది.

ఈ కాలపు గృహస్థునకు చిక్కు మరియొక విధముగ వచ్చినది. పుస్తకములు కొల్లలు, ఇల్లు చిన్నది. ఒక నవల వేల ప్రతులు అచ్చయి, ఊరి గ్రంథాలయమునను అంతర్జాలమునను దొరకుచున్నయెడల, మరల చదువ బుద్ధిపుట్టనిచో దానిని విడుచుట దోషము కాదు. నిలుపవలసినది వేరొకచోట లేనిది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కాగితపు కరవులో అచ్చయిన పుస్తకములు ఇప్పుడు వేలు తగిలిన పొడి యగుచున్నవి. వాటిని ముందు చూడవలెను. తాత చేతివ్రాతతో అంచులు నిండిన శతకపు ప్రతి కొత్త ముద్రణ యెంత చక్కగా నున్నను దానికి సాటిరాదు. చెదలు తిన్న పుటలున్న యెడల అట్టను గాక లోపలి వ్రాతను చూచి తీర్పు చెప్పవలెను.

అన్నిటికంటె ఎక్కువగా పోవుచున్నవి పాత పంచాంగములు. పెక్కిండ్ల పెద్దలు వాని అంచులలో పుట్టుకలు, చావులు, వానలు, అప్పులు వ్రాసికొనెడివారు. 1986 ఆగస్టు 16న భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు చేరిన సంగతి ప్రభుత్వ లెక్కలలో నున్నది. నీరు ఏ వీధిలో ఏ గడప తాకినదో, ఏ పశువులశాల కొట్టుకొనిపోయినదో తెలుపు వ్రాత యెక్కడనైనను ఉన్నదన్న అట్టి పంచాంగపు అంచుననే యుండును. ఉగాది రాగానే అది అటకెక్కును. కొన్నేండ్లకు పాత కాగితములు కొనువాడు వచ్చి తూకమునకు కొనిపోవును.