లాంగ్లీ కొలియర్ దాచిన వార్తాపత్రికలు

న్యూయార్కు నగరంలోని హార్లెమ్‌లో, ఐదవ అవెన్యూ 128వ వీధిని కలిసే మూలన ఒక చిన్న తోట ఉంది. నాలుగు చెట్లు, కూర్చోవడానికి కాస్త చోటు. ఒక ఇల్లు పట్టే స్థలం మాత్రమే అది. నిజానికి ఇంటి స్థలమే. 1947 జులై దాకా అక్కడొక మేడ ఉండేది. అందులో హోమర్ కొలియర్, లాంగ్లీ కొలియర్ అనే అన్నదమ్ములు ఉండేవారు. అన్న 1881లో పుట్టాడు, తమ్ముడు 1885లో. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు.

తండ్రి పేరున్న వైద్యుడు, తల్లి గాయని. హోమర్ న్యాయవాది, లాంగ్లీ పియానో విద్వాంసుడు. లేనివారు కారు, చదువురానివారు అసలే కారు. 1923లో తండ్రి, 1929లో తల్లి గతించారు. వారి సామాను యావత్తూ, తండ్రిగారి వైద్య గ్రంథాలతోనూ పరికరాలతోనూ సహా, ఈ మేడకే చేరింది. ఏదీ బయటకు పోలేదు. అప్పటికే ఫోను లేదు, విద్యుత్తు లేదు, గ్యాసు లేదు. లాంగ్లీ రాత్రివేళల్లో బయలుదేరి, దగ్గరలోని పార్కునుంచి నీళ్ళు మోసుకొచ్చేవాడు. రొట్టె కోసం మైళ్ళకొద్దీ నడిచేవాడు. దారిలో కనబడిన వస్తువునల్లా ఇంటికి తెచ్చేవాడు.

1933లో హోమర్‌కు చూపు పోయింది. కొన్నేళ్ళకు కీళ్ళ జబ్బుతో కాళ్ళు చేతులు కూడా పడిపోయాయి. వైద్యుణ్ణి పిలవడానికి లాంగ్లీ ఒప్పుకోలేదు. వైద్యుని కొడుకులం, ఇంటినిండా వైద్య గ్రంథాలున్నాయి, ఇంకొకరెందుకు అన్నది అతని వాదం. వారానికి నూరు నారింజపళ్ళు తినిపిస్తే అన్నకు చూపు తిరిగి వస్తుందని నమ్మాడు. వచ్చిననాడు ఇన్నేళ్ళ సంగతులూ చదువుకోవాలి కదా అని, వార్తాపత్రికలను ఒక్కటి పారెయ్యకుండా కట్టలు కట్టి దాచాడు.

ఈ పత్రికల ముచ్చట చెప్పి నవ్వుకోవడం లోకానికి అలవాటు. నాకు మాత్రం ఈ కథ యావత్తులోకీ పట్టించుకోవలసిన మాట ఇదొక్కటే అనిపిస్తుంది. పోగుచేసేవాణ్ణి మనం సోమరి అంటాం, లోభి అంటాం, మతి చలించింది అంటాం. లాంగ్లీ ఒక్కో కట్టను ఒక మనిషి కోసం, ఒక రోజు కోసం పెట్టాడు. ఆ కట్టను పారెయ్యమంటే, మీ అన్నకు ఇక చూపు రాదు అని చెప్పడమే. ఆ మాట అతనితో ఎవరు చెప్పగలరు, ఎలా చెప్పగలరు?

చెప్పవలసినవారు చెప్పలేదు. 1942లో తాకట్టు బాకీ తీరలేదని బ్యాంకు ఇల్లు ఖాళీ చేయించబోయింది. పోలీసులు తలుపు పగలగొడితే లోపల సామాను గోడలా అడ్డుపడింది. దాని మధ్య కాస్త ఖాళీ జాగాలో లాంగ్లీ ఉన్నాడు. సుమారు 6,700 డాలర్లకు చెక్కు రాసి బాకీ మొత్తం తీర్చి, అందరినీ వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళిపోయారు.

1947 మార్చి 21న, ఆ ఇంట్లో శవం ఉన్నదని ఎవరో పోలీసులకు ఫోను చేశారు. రెండో అంతస్తు కిటికీలోంచి దూరిన పోలీసుకు హోమర్ కనిపించాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, తల మోకాళ్ళకు ఆనించి, మరణించి ఉన్నాడు. ఆకలి, గుండెజబ్బు కారణాలన్నారు. లాంగ్లీ కోసం ఊళ్ళూ రాష్ట్రాలూ వెదికారు. ఏప్రిల్ 8న, అన్న కూర్చున్న చోటికి పదడుగుల దూరంలోనే దొరికాడు. దొంగల భయంతో తానే పన్నిన ఉచ్చు తగిలి, కట్టలు మీదపడి చనిపోయాడు. అన్నకు తిండి తీసుకువెళ్తూ పాకుతున్నాడట. అతడు ముందుగా పోయాడు. కళ్ళు లేని, కదలలేని అన్న ఆ తరువాత కొన్ని రోజులు బతికి ఉన్నాడు.

ఇంట్లోనుంచి తీసిన సామాను నూటయిరవై టన్నులకు పైమాటే. పద్నాలుగు పియానోలు, వేలకొద్దీ పుస్తకాలు, ఒక ఫోర్డు కారు చట్రం. ఈ లెక్క అందరూ చెబుతారు. ఇంకొక లెక్క ఎక్కువమంది చెప్పరు. ఆస్తికి హక్కుదారులమంటూ 56 మంది ముందుకు వచ్చారు, చాలామంది పెదతండ్రి, మేనత్త వరస బిడ్డలే. 1952లో న్యాయస్థానం 23 మందికి సమంగా పంచింది. సామాను మోయడానికి కాదు గాని, వారసత్వం మోయడానికి అంత బంధుబలగం ఉన్నదన్నమాట!

బ్రతికి ఉండగా వచ్చిన బంధువుల కథ కూడా ఒకటుంది. న్యూయార్కుకు తూర్పున, సంపన్నుల విడిది అయిన ఈస్ట్ హాంప్టన్‌లో 'గ్రే గార్డెన్స్' అని 28 గదుల భవంతి. ఎడిత్ బూవియే బీల్, ఆమె కుమార్తె ఈడీ అందులో ఉండేవారు. అధ్యక్షుడు కెనెడీ భార్య జాక్వెలిన్‌కు ఆ పెద్దావిడ స్వయానా మేనత్త. అక్కడ ఉన్నది దాచిన సామాను కన్నా చెత్తా, పిల్లులూ అనాలి. ఆ భేదం వైద్యులకు ముఖ్యం, బంధువులకు అంత కాదు. 1971లో ఆరోగ్యశాఖవారు వచ్చి ఇల్లు వాసయోగ్యం కాదన్నారు. పత్రికలకెక్కింది. 1972లో జాక్వెలిన్, ఆమె చెల్లెలు లీ డబ్బు సమకూర్చి, కుళాయిలు వేయించి, బస్తాలకొద్దీ చెత్త ఎత్తిపోయించారు. తల్లీకూతుళ్ళకు ఇల్లు దక్కింది. అది చిన్న మేలు కాదు. అయితే కొద్దికాలానికే మేజిల్స్ సోదరులు తీసిన, 1975లో వచ్చిన డాక్యుమెంటరీ చూడండి: గదులు మళ్ళీ పాతదారే పట్టాయి, అటక మీది రకూన్ అనే అడవి జంతువుకు ఈడీ రొట్టెముక్కలు వేస్తోంది. డబ్బు ఇంటిని కడిగింది. ఇంట్లో ఉన్న ఇద్దరి ఒంటరితనం దాని పద్దులో లేదు.

కొలియర్లు పోయిన 1947లోనే ఎరిక్ ఫ్రామ్ తన గ్రంథంలో 'కూడబెట్టే స్వభావం' అని ఒక మనిషి తీరును వర్ణించాడు. కాని వైద్యశాస్త్రం దీన్ని తీరిగ్గా పరిశీలించడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. స్మిత్ కళాశాలలో రాండీ ఫ్రాస్ట్ అనే మనస్తత్వ శాస్త్రాచార్యుడు, తన విద్యార్థిని రేచల్ గ్రాస్‌తో కలిసి పరిశోధన జరిపి 1993లో ప్రచురించాడు. ఇలాంటివారెవరైనా ఉన్నారా అని పత్రికలో ప్రకటన ఇస్తే, ఊహించనంతమంది ఫోను చేశారట. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జాబితాలోనూ చేరింది. పేరు హోర్డింగ్ డిజార్డర్. (మన ఊళ్ళలో హోర్డింగ్ అంటే సినిమా నటుల బొమ్మలున్న పలక. తెలుగులో దీనికి ఇంకా మంచి పేరు పుట్టలేదు. 'పోగుజబ్బు' అందామా?)

ఫ్రాస్ట్ తదితరులు చెప్పిన దానిలో బంధువులు వినవలసినది: వస్తువు వదులుకోవడం వారికి బద్ధకం వల్ల కాదు, బాధ వల్ల కష్టం. వారు ఊళ్ళో లేనప్పుడు లారీ పిలిపించి ఖాళీ చేయిస్తే సామాను తిరిగి చేరుతుంది, నమ్మకం మాత్రం తిరిగి రాదు. 2009లో టాంప్‌కిన్స్, హార్టల్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కుటుంబాల కోసమే 'డిగ్గింగ్ ఔట్' అనే పుస్తకం రాశారు. చికిత్స వద్దనే మనిషితో ఏం చెయ్యాలన్నది దాని విషయం. ఇల్లంతా శుభ్రం చెయ్యాలనే పట్టుదల పక్కన పెట్టమంటారు. ముందు ప్రాణాపాయం తగ్గించాలి: పొయ్యి చుట్టూ కాగితాలుండరాదు, మంచం నుంచి వాకిలి దాకా మనిషి నడిచే దారి ఉండాలి, తలకంటే ఎత్తున కట్టలు పేర్చరాదు. ఇంతవరకు ఆ మనిషితోనే ఒప్పందం చేసుకుని, వారివారి చేతులతోనే తీయించాలి. తరువాత అప్పుడప్పుడు వెళ్ళి చూస్తుండాలి. నెలలు పట్టే పని. మధ్యలో మన సహనం అడుగంటుతుంది, వారి మాట మారుతుంది, తీసిన చోట మళ్ళీ రెండు సంచులు కనబడతాయి.

న్యూయార్కు అగ్నిమాపక సిబ్బంది ఇలాంటి ఇళ్ళను నేటికీ 'కొలియర్ మేడ' అనే అంటారు. నిప్పంటుకున్న ఇంటిని గురించి ఆ మాట వినబడితే, లోపలికి వెళ్ళబోయేవారు ముందు దారి ఉన్నదో లేదో చూసుకుంటారు.