వేదాంతం రాఘవయ్య: భాగవతమేళమునుండి వెండితెరకు

కూచిపూడి నాట్యచరిత్రమును వ్రాయువారు వేదాంతం రాఘవయ్యగారిని ఊరు విడిచి సినిమాలలో చేరినవారని చెప్పి ఊరకుందురు. చలనచిత్ర చరిత్రమును వ్రాయువారికి ఆయన ‘దేవదాసు’ దర్శకులు మాత్రమే; జన్మగ్రామ ప్రసక్తి ఒక విశేషణముతో ముగియును. ఈ రెండు చరిత్రములును ఒకే విద్యకు సంబంధించినవని మేము తలంచుచున్నాము.

రాఘవయ్యగారు 1919లో కూచిపూడిలో జన్మించిరి. ఆ కాలమున మేళమునకు స్త్రీలు లేరు. సత్యభామయైనను, ఉషయైనను పురుషుడే ధరింపవలెను. తానే పాడి, తానే ఆడి, సంభాషణమును నడుపవలెను. పురుషదేహమున స్త్రీ విరహమును చూపవలసిన నటునికి ఆంగికముకంటె సాత్త్వికమే శరణ్యము. వేషము కొంతవరకే తోడ్పడును. తక్కినది కన్నులు చేయవలెను. ఇట్టి పాఠశాలనుండియే ఆయన చిత్రరంగమునకు వచ్చిరి.

1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన ‘రైతుబిడ్డ’లో రాఘవయ్యగారి దశావతార నృత్యము కలదు. ఇరువదేండ్ల భాగవతుని ఆట ఫిలిమున కెక్కుటచే, కూచిపూడి నృత్యమును గ్రామాంతరమున నెన్నడును చూడనివారును చూడగలిగిరి. ఈ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు చల్లపల్లి రాజాగారు అండ. చల్లపల్లి కూచిపూడికి అనతిదూరముననే యున్నది. జమీందారీ విధానమును విమర్శించిన చిత్రమునకు ఒక జమీందారే ఆశ్రయమిచ్చుట వింతయే; తక్కిన జమీందారులు దానిపై ఆగ్రహించిరి, కొన్నిచోట్ల నిషేధమును కలిగినది.

తరువాత ఆయన నృత్యదర్శకులై, డి. ఎల్. నారాయణ, సముద్రాల రాఘవాచార్యులు, సి. ఆర్. సుబ్బరామన్ గారలతో కలసి వినోదా సంస్థ నెలకొల్పిరి. 1951లో ‘స్త్రీసాహసము’తో దర్శకులైరి. 1953లో ‘దేవదాసు’ వెలువడినది.

ఈ చిత్రమున ఒక విశేషము విమర్శకుల దృష్టికి రావలసినంతగా రాలేదు. దర్శకుడు భాగవతమేళపు బిడ్డ. నాయకుడు గుడివాడ ప్రాంతమున జన్మించి, నాటకములలో స్త్రీపాత్రలతో పేరుగాంచిన అక్కినేని నాగేశ్వరరావుగారు. ఒకే డెల్టాలోని రెండు రంగస్థలములు ఇచ్చట కలిసినవి. నర్తకుడైన దర్శకుడు నృత్యమును చంద్రముఖికి విడిచి, నాయకుని దాదాపు నిశ్చలునిగా నిలిపెను. దేవదాసు దుఃఖమంతయు వాలిన కనురెప్పలలో, తెగిపోవు మాటలో నున్నది. శరచ్చంద్రుని నవల వంగదేశముది. ఈ నిగ్రహము మాత్రము సాత్త్వికాభినయపు ఫలమని మా అభిప్రాయము. ‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957) చిత్రములలో నృత్యము ప్రత్యక్షముగా కనబడును గనుక వానినిగూర్చి వాదమక్కరలేదు.

రాఘవయ్యగారి వలెనే వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తిగారలును చిత్రసీమకు చేరిరి. సినిమా ఊరిని బీదపరచినదన్న ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. మేటి నటులు మదరాసు చేరగా మేళములకు లోటు కలిగియే తీరును. కాని సినిమాలలో పనిచేయుటకు అదే దారిని పోయిన వెంపటి చినసత్యంగారు 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, స్త్రీలకును దేశాంతరవాసులకును ఆ విద్యను నేర్పిరి. ఊరిలోనే యుండిన వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషమును పరాకాష్ఠకు చేర్చిరి. నష్టమును లెక్కించువారు ఈ రెండింటిని కలిపి లెక్కింపవలెను.

రాఘవయ్యగారు 1967లో ‘రహస్యము’ చిత్రమున ‘గిరిజాకల్యాణము’ను కూచిపూడి యక్షగానముగానే తెరపై నిలిపిరి. దానిని రచించిన మల్లాది రామకృష్ణశాస్త్రిగారు కృష్ణాజిల్లావారే. చిత్రము విడుదలగుటకు రెండేండ్లముందే, 1965లో, గతించిరి. చిత్రము విఫలమైనది, యక్షగానము నిలిచినది. నాలుగేండ్లకు, 1971లో, రాఘవయ్యగారు కీర్తిశేషులైరి.